పాత కారులో కంపనం

పాత కారులో కంపనం అనగా వాహనం నడుస్తున్నపుడు గాని, నిలిచి ఉండి ఇంజను తిరుగుతున్నపుడు గాని స్టీరింగు, సీటు, అడుగు రేకులలో తెలిసే అదురు. దీనికి కారణాలు అనేకం. కారణం తెలియకుండా ఒక్కొక్క భాగాన్నే మార్చుకుంటూ పోవుట ధనవ్యయమే గాక ప్రమాదకరం కూడాను. ఇక్కడ హిందూస్థాన్ అంబాసిడర్ కారును ఉదాహరణగా తీసుకోవడమైనది. 1958 నుండి 2014 వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన ఈ కారులో ఇంజను ముందు ఉండగా, వెనుక చక్రాలు బండిని నడుపుతాయి. ఈ రెంటినీ కలుపుతూ కారు అడుగున ప్రొపెల్లర్ షాఫ్టు తిరుగుతుంది. ఇప్పటి చిన్న కార్లలో లేని అనుమానితుడు ఇతడు.

కంపనం ఎప్పుడు వస్తున్నది

బండి నిలిచి ఉన్నపుడే అదురు ఉంటే దోషం ఇంజనులోనో, దానిని మోసే రబ్బరు మౌంటింగులలోనో ఉన్నది. నిమిషానికి 750 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజనులో సెకనుకు 25 సార్లు ఇంధనం మండుతుంది. ఒక ప్లగ్గు పనిచేయకపోతే సెకనుకు ఆరేడు కుదుపులు ఏర్పడి, కారంతా ఊగుతున్నట్లు తోస్తుంది.

నడుస్తున్నపుడు మాత్రమే అదురుతుంటే, రద్దీ లేని తిన్నని రోడ్డుపై అదురు వచ్చే వేగాన్ని అందుకొని క్లచ్చి తొక్కి, ఇంజనును నెమ్మదిగా తిరగనివ్వవలెను. తాళంచెవి మాత్రం తిప్పరాదు. అదురు వెంటనే ఆగితే ఇంజను వైపు చూడాలి; ఆగకపోతే చక్రాలు, షాఫ్టు మిగులుతాయి. ఈ పరీక్ష ఎందుకు అవసరమంటే, టాప్ గేరులో ఇంజను, షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతాయి. చెవితో వేరు చేయలేము. చక్రం సంగతి వేరు. దాని చుట్టుకొలత సుమారు 2 మీటర్లు కనుక గంటకు 80 కి.మీ. వేగంలో సెకనుకు 11 సార్లు తిరుగుతుంది. వెనుక ఇరుసు నిష్పత్తి 4.5 అనుకుంటే షాఫ్టు అదే సమయంలో 50 సార్లు తిరుగుతుంది. కాబట్టి చక్రపు దోషం దడదడమనే కుదుపుగాను, షాఫ్టు దోషం రొదగాను తెలుస్తాయి.

చక్రాలు

స్టీరింగు వణికితే ముందు చక్రాలను, సీటు అదిరితే వెనుక చక్రాలను ముందుగా అనుమానించాలి. 70-90 కి.మీ. మధ్య వచ్చి, ఆపైన తగ్గే వణుకు సాధారణంగా వీల్ బ్యాలెన్సింగు లోపమే. రిమ్ము లోపల ఎండిన రేగడి మట్టి కూడా ఇంత పని చేయగలదు! బ్యాలెన్సింగు చేయించినా పోకపోతే టైరును చేతితో తడిమి చూడవలెను. ఉబ్బు తగిలితే లోపలి పొరలు విడిపోయాయని అర్థం. అట్టి టైరు పగిలిపోవచ్చును, దానిపై ప్రయాణించరాదు. తక్కువ తిరిగే పాత కార్లలో టైరు అరగకుండానే ముసలిదవుతుంది. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది: 3512 అంటే 2012లో 35వ వారం. చక్రం విప్పి బిగించిన మరునాడే వణుకు మొదలైతే ముందు నట్లు చూసుకోవాలి.

ప్రొపెల్లర్ షాఫ్టు

అన్నీ సరిచూసినా అంతుచిక్కని అదురు తరచు ఇక్కడే దొరుకుతుంది. షాఫ్టు రెండు కొనలయందు యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. ఇట్టి జాయింటు వంపులో తిరిగేటప్పుడు ఒక వైపు వేగం సమంగా ఉన్నా రెండవ వైపు వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు హెచ్చుతగ్గులవుతుంది. వంపు 10 డిగ్రీలైతే ఈ తేడా ఇటూ అటూ ఒకటిన్నర శాతం. వెనుక జాయింటు ముందుదాని హెచ్చుతగ్గులను రద్దు చేయాలంటే షాఫ్టు రెండు కొనల కవలలు ఒకే తలంలో ఉండవలెను. మరమ్మతులో జారుడు పళ్ళ వద్ద షాఫ్టును ఊడదీసి, ఒక పన్ను అటూ ఇటూగా తిరిగి ఎక్కిస్తే ఈ పొందిక చెడుతుంది. కొత్త క్రాసులు వేయించిన తరువాతే అదురు మొదలైందని యజమాని మొత్తుకొనేది ఇందువల్లనే. విప్పేముందు రెండు వైపులా గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది.

క్రాసు అరిగితే గేరు వేసి క్లచ్చి వదలగానే టక్కుమను శబ్దం వస్తుంది. చక్రాలకు అడ్డు పెట్టి, కారును స్టాండ్లపై నిలిపి, షాఫ్టును చేతితో అటూ ఇటూ తిప్పితే జాయింటులో ఆట కనబడుతుంది. దీనిని వాయిదా వేయరాదు. వేగంలో ముందు జాయింటు ఊడితే షాఫ్టు కొన రోడ్డుకు తన్నుకొని బండి అదుపు తప్పే ప్రమాదమున్నది.

బ్రేకు తొక్కినపుడు మాత్రమే వచ్చే అదురుకు పైవేవీ కారణం కావు. డ్రమ్ము గుండ్రదనం కోల్పోయిందేమో చూచి, లేతుపై సమం చేయించాలి, లేదా మార్చాలి.