మూడు మందులు ఎందుకు? పెద్దప్రేగు క్యాన్సరుకు కలిపి ఇచ్చే కీమోథెరపీ

పెద్దప్రేగు లేక మలాశయం క్యాన్సరు ముదిరి కాలేయానికి పాకిందని తెలిసినప్పుడు కుటుంబ సభ్యులు మమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. "ఒక మందు చాలదా అండీ, ఇన్ని ఎందుకు?" అన్నది మొదటిది. "మా మీద ప్రయోగం చేస్తున్నారా?" అన్నది రెండవది. రెండూ అడగవలసిన ప్రశ్నలే.

ఈ వ్యాధికి పునాది మందు 1957లో వచ్చిన ఫ్లోరోయురాసిల్. క్యాన్సరు కణాలు రెట్టింపు కాకుండా ఇది అడ్డుపడుతుంది. దీని పట్టు పెంచడానికి ఫోలినిక్ ఆమ్లం కలుపుతారు. ఇది ఫోలిక్ ఆమ్లం కుటుంబానికి చెందినది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన పొరుగునున్న భీమవరంలో 1895లో పుట్టిన డా. యల్లాప్రగడ సుబ్బారావు గారే.

మూడవ మందు ఆక్సాలిప్లాటిన్. దీన్ని కలిపితే మేలా, కాదా? 2000లో వెలువడిన ఒక పరీక్షలో 420 మంది రోగులను రెండు జట్లు చేశారు. ఎవరు ఏ జట్టో చీటీలు వేసినట్టు నిర్ణయించారు. అందులో డాక్టరు ఇష్టానికిగాని, సిఫారసుకుగాని చోటు లేదు. ఒక జట్టుకు రెండు మందులు, రెండవ జట్టుకు మూడు మందులు ఇచ్చారు. వ్యాధి పెరగకుండా ఆగిన కాలం మొదటి జట్టులో సుమారు 6 నెలలు, రెండవ జట్టులో 9 నెలలు. అయితే తెల్లకణాలు తగ్గడం, చేతులు కాళ్ళు తిమ్మిరెక్కడం మూడు మందుల జట్టులోనే ఎక్కువ. ఆయుష్షు పెరిగిందని మాత్రం ఆ పరీక్షలో కచ్చితంగా తేలలేదు. 2004లో ఉత్తర అమెరికాలో 795 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఈ మూడు మందులు తీసుకున్నవారిలో సగంమంది 19.5 నెలలకు మించి జీవించారు. అప్పటివరకు వాడుతున్న మరో కలయికతో అది 15 నెలలు.

ఇది వ్యాధి పూర్తిగా నయమవుతుందన్న హామీ కాదు. కాని ఒక బిడ్డ పెళ్ళి చూడడానికి నాలుగు నెలలు చిన్నవి కావు.

ఆక్సాలిప్లాటిన్ తీసుకునేవారికి చల్లదనం తగిలితే వేళ్ళు, గొంతు జివ్వుమంటాయి. మన కలిదిండి వైపు చేపలు, రొయ్యలు ఐసులో సర్దే పని చేసేవారు ఆ రోజుల్లో ఐసు ముట్టుకోకూడదు. చల్లని నీరు త్రాగకూడదు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి రావాలి.

ఎక్కడైనా మిమ్మల్ని ఇటువంటి పరీక్షలో చేరమంటే ఈ ప్రశ్నలు అడగండి. నాకు ఇప్పుడున్న మంచి వైద్యం ఏది? కొత్తగా కలుపుతున్నది ఏది? నష్టం జరిగితే చికిత్స ఎవరు చేయిస్తారు? నైతిక కమిటీ అనుమతి ఉందా? మన దేశంలో ఇటువంటి పరీక్షలను ప్రభుత్వ రిజిస్టరులో నమోదు చేయడం 2009 నుండి తప్పనిసరి. అర్థమయ్యే భాషలో చెప్పించుకోకుండా సంతకం పెట్టకండి. పెట్టిన తరువాత కూడా మధ్యలో మానుకునే హక్కు మీకుంది. మానుకున్నా మామూలు వైద్యం ఆగకూడదు.

చివరిగా ఒక మనవి. మలంలో రక్తం కనబడితే మొలలేనని నెలల తరబడి నాటుమందు వాడకండి. త్వరగా కనుగొంటే ఆపరేషనుతోనే నయమయ్యే అవకాశం ఎక్కువ.