కొండల మధ్య లెవెన్‌వర్త్: చలికాలం ఊరికి అన్నం పెడితే

సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళం డిసెంబరు వచ్చేసరికి ఇంట్లో దుప్పటి కప్పుకుని కూర్చుంటాం. పిల్లలు మంచు చూపించమని గొడవ. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళకేమో కిటికీలోంచి వాన తప్ప ఇంకేం కనిపించదు. అలాంటి ఇళ్ళకోసం ఇవాళ లెవెన్‌వర్త్ అనే చిన్న ఊరి సంగతి చెబుతాను.

సియాటిల్ నుంచి రెండో నంబరు హైవే మీద తూర్పుగా దాదాపు 120 మైళ్ళు. మధ్యలో స్టీవెన్స్ పాస్ అనే కనుమ దాటాలి. దాని ఎత్తు 4,061 అడుగులు. పసిఫిక్ మీంచి వచ్చే తడిగాలి కాస్కేడ్ కొండలకి తగిలి పైకి లేస్తుంది, లేచేకొద్దీ చల్లబడుతుంది. అందుకే మన ఇంటిదగ్గర వానగా పడే నీళ్ళే అక్కడ మంచవుతాయి. కొండ దాటేసరికి గాలిలో తడి చాలావరకు ఖర్చయిపోతుంది. లెవెన్‌వర్త్ ఉన్నది ఆ అవతలి వైపున. మంచూ ఉంటుంది, మధ్యమధ్య మంచి ఎండా కాస్తుంది.

పోయినేడాది నాన్నగారిని తీసుకెళ్ళాం. మంకీ క్యాపు, దానిమీద మఫ్లరు, రెండు స్వెట్టర్లు. కారులో పులిహోర, ఫ్లాస్కులో కాఫీ. కారు దిగగానే ఆయన అన్న మొదటి మాట, "ఇంత నిశ్శబ్దంగా ఉందేమిట్రా?" అని. నిజమే. కొత్తగా పడ్డ మంచులో సగానికి పైగా గాలే ఉంటుంది. ఆ సందులు చప్పుడుని దూదిలాగా పీల్చేస్తాయి. చుట్టూ కొండలు కాబట్టి సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. అప్పుడు వీధంతా దీపాలు వెలుగుతాయి. ఫ్రంట్ స్ట్రీట్ పార్కులో ఉన్న చిన్న దిబ్బమీంచి పిల్లలు జారుడుబల్లలాగా జారుతుంటే, నాన్నగారు ఒక బెంచీ మీద మంచు దులుపుకుని కూర్చున్నారు.

ఇళ్ళన్నీ జర్మనీలోని బవేరియా పల్లెల్లాగా ఉంటాయి. చెక్క బాల్కనీలు, గోడలమీద బొమ్మలు. "ఇది జర్మనీ వాళ్ళు కట్టుకున్న ఊరా?" అని అడిగారు. కాదు. అసలు కథ అక్కడే ఉంది.

1890లలో గ్రేట్ నార్తర్న్ రైలు వచ్చి ఈ ఊరిని పెంచింది. రైలు పని, రంపపు మిల్లు, అవే జీవనాధారం. కానీ ఈ కొండల చలి చెడ్డది. 1910 మార్చి 1న కనుమకి అవతల వెల్లింగ్టన్ దగ్గర, మంచువల్ల రోజుల తరబడి ఆగిపోయిన రైళ్ళమీద హిమపాతం విరుచుకుపడి 96 మంది పోయారు. 1920లలో రైల్వే వాళ్ళు ఇక్కడి మకాం వెనాచీకి మార్చారు. మిల్లు కూడా మూతపడింది. ఊరు దశాబ్దాలపాటు చిక్కిపోయింది. 1960లలో ఊరివాళ్ళు కూర్చుని ఆలోచించారు. కాలిఫోర్నియాలో డెన్మార్కు పద్ధతిలో ఉన్న సాల్వాంగ్ ఊరిని చూసిన టెడ్ ప్రైస్, బాబ్ రాజర్స్ అనే ఇద్దరు మిత్రులు, మన కొండలు ఆల్ప్స్‌లాగే ఉన్నాయి కదా అన్నారు. దుకాణదార్లు ఒక్కొక్కరే తమ కొట్ల ముందుభాగాలు మార్చుకున్నారు. తర్వాత అదే ఊరి నిబంధన అయింది. ఏ కొట్టు బోర్డైనా ఆ పద్ధతిలో ఉండాల్సిందే.

ఇదంతా చెబితే నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. ఆయన ముప్ఫై ఏళ్ళు పంచదార మిల్లులో పనిచేశారు. అది మూతపడ్డాకే నేనిటు వచ్చాను, తమ్ముడు హైదరాబాదు వెళ్ళాడు. చివరికి, "వేషమైతేనేం, ఊరు నిలబడింది. మన దగ్గర కొండలూ లేవు, కూర్చుని మాట్లాడినవాళ్ళూ లేరు" అన్నారు. కొండల సంగతి ఎలా ఉన్నా, రెండో మాట నాకు గుచ్చుకుంది. ఆ మాట్లాడాల్సినవాళ్ళలో నేనూ ఒకణ్ణి కదా!

అయితే అంతా సుఖాంతం అనుకోకండి. కాఫీ కొట్టులో అమ్మాయిని పలకరిస్తే, ఇక్కడి అద్దెలు భరించలేక వేరే ఊరినుంచి రోజూ వస్తానని చెప్పింది. యాత్రికులు పెరిగితే ఆ బాధా ఉంటుంది.

ఇక వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు. బయలుదేరేముందు రాష్ట్ర రవాణా శాఖవారి కనుమ సమాచారం చూసుకోండి. కారులో చెయిన్లు పెట్టుకోండి, వాటిని తొడగడం ఇంటిదగ్గరే ఒకసారి నేర్చుకోండి. నేను నేర్చుకోలేదు. తిరుగుదారిలో చెయిన్లు తప్పనిసరి అని బోర్డు వెలిగితే, చీకట్లో గంటన్నర కుస్తీ పట్టాను. నాన్నగారు టార్చి పట్టుకుని నిలబడ్డారు, వేళ్ళు కొంకర్లు పోయాయి. కనుమ మూసేస్తే మొండికెయ్యకుండా ఆ రాత్రికి ఆగిపోండి. పెద్దవాళ్ళ మందులు ఒకరోజుకి సరిపడా ఎక్కువ పెట్టుకోండి. నీళ్ళు, తిండి, దుప్పట్లు సరేసరి.

మొన్న ఫోన్‌లో నాన్నగారు, మిల్లు పాత స్నేహితులు నలుగురిని ఆదివారం ఇంటికి పిలిచానని చెప్పారు. ఏం మాట్లాడుకున్నారో ఇంకా అడగలేదు. ఈ ఆదివారం అడుగుతాను.