కట్టు విప్పిన తరువాత

మణికట్టు విరిగినవారికి సాధారణముగా ఐదారు వారములు పిండికట్టు ఉండును. అది విప్పిన దినమున గండము గడచినదని ఇంటిల్లిపాదియు ఊపిరి పీల్చుకొందురు. ఎముక అతికిన మాట నిజమే. కాని వ్రేళ్ళు ముడువరావు, మణికట్టు తిరుగదు, అన్నము కలుపబోయిన ముద్ద కుదరదు. పుత్తూరు కట్టు కట్టించుకొన్నవారికిని ఈ బిగువు తప్పదు. వైద్యశాలలో నాలుగు వ్యాయామములు చెప్పి పంపుదురు. వారము తిరుగకముందే వానిని మానివేయువారు పెక్కుమంది. వీరిని సోమరులని ఇంటివారు నిందింతురు. ఆ నింద చాలవరకు అన్యాయము.

వ్యాయామ మెందులకో తెలియనిచో ఎవరికిని దానిపై మనసు నిలువదు. వ్రేళ్ళలో కండ లేదు. వానిని బలముగా ముడుచు కండలు ముంజేతిలో ఉన్నవి. అచటినుండి టెండన్లు అను తెల్లని గట్టి త్రాళ్ళు మణికట్టు మీదుగా పోయి వ్రేలి ఎముకలను పట్టుకొని యున్నవి. గిలక మీది చేదత్రాటివలె అవి జారిననే వ్రేలు వంగును. దెబ్బ తగిలి వాచిన చేతిలో ఆ త్రాళ్ళు చుట్టునున్న భాగములకు అంటుకొనును; కీళ్ళను కప్పియున్న పొర బిగిసిపోవును. అందుచేత దినమున కొకసారి గంటసేపు శ్రమించుటకంటె, పలుమార్లు ఐదేసి నిమిషములు కదలించుట మేలు.

చేతికి శస్త్రచికిత్స ఎంత ముఖ్యమో, తరువాతి సాధనయు అంత ముఖ్యమని మన పొరుగుననే, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో రుజువైనది. 1946 లో అచటికి వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్, కుష్ఠువ్యాధి వలన కొంకరపోయిన చేతులకు 1948 నుండి శస్త్రచికిత్సలు చేయసాగెను. ఒకచోటి టెండనును మరియొక పనికి మార్చినప్పుడు, ఆ కొత్త పనిని చేతికి నేర్పవలెను. ఆ రోగులకై వెలసిన నవజీవన కేంద్రమున వడ్రంగము వంటి పనులు నేర్పిరి. పనిముట్టు పట్టుటయే వారికి సాధన మయ్యెను.

మన ఇండ్లలో దీనికి విరుద్ధముగా జరుగును. అత్తగారు గ్లాసు అందుకొనబోవగనే, "మీరు ముట్టుకోవద్దు అత్తయ్యా, నే నిచ్చెదను" అని కోడలు పరుగున వచ్చును. ఆ ప్రేమను తప్పుపట్టలేము. కాని వైద్యుడు అనుమతించిన చిన్న పనులను, అనగా బట్టలు మడచుట, చిక్కుళ్ళు ఒలుచుట, బొత్తాములు పెట్టుకొనుట వంటివానిని ఆమెకే విడిచిపెట్టవలెను. ఆలస్యమైనను ఓర్చుకొనవలెను.

"వీలున్నప్పుడు చేసెదను" అన్న వ్యాయామము సాగదు. దానిని రోజూ తప్పక జరుగు మరియొక దానితో ముడిపెట్టవలెను. రేడియో ఉన్న ఇంటిలో ఇది సులభము: ఉదయము భక్తిగీతములకు ఒకసారి, మధ్యాహ్నము వార్తలకు ఒకసారి, రాత్రి నాటకమునకు ముందు ఒకసారి. వైద్యశాల విడుచుటకు ముందే రోగి ఆ కదలికలను చేసి చూపవలెను. ఇంటివా రొకరు ప్రక్కన నిలిచి చూడవలెను. వ్రాసి యిచ్చిన కాగితమున కంటె ఆ చూపు ఇంటిలో ఎక్కువ పనికివచ్చును.

నొప్పి భయము వేరు విషయము. కదలించునప్పుడు కొంచెము లాగినట్లుండి, పిదప తగ్గిపోవు నొప్పికి బెదరనక్కరలేదు. నొప్పి మరునాటివరకు నిలిచినను, వాపు పెరిగినను, వ్రేళ్ళు తిమ్మిరెక్కినను వైద్యునికి చెప్పవలెను. తెగిన టెండనును కుట్టిన చేతికి మాత్రము నియమములు వేరు. కుట్టు సుమారు పండ్రెండు వారములు పూర్తి బరువునకు ఓర్వదు. చెప్పినదానికి మించి చేసిన తెగవచ్చును. వంగుచున్న వ్రేలు అకస్మాత్తుగా వంగుట మానినచో ఆనాడే పోవలెను. నూనె రాచి వ్రేళ్ళను బలవంతముగా విరుచు హస్తవాసి గలవారిని ఎవరి చేతి దగ్గరకును రానీయరాదు.

ఇక ఉత్సాహము సంగతి. దినదినము కలుగు మార్పు కంటికి ఆనదు. పదిరోజులకే ప్రాణము విసుగును. కనుక వారమున కొకసారి పిడికిలి బిగించమని, వ్రేలికొన అరచేతికి ఎంత దూరమున ఆగినదో పిల్లల స్కేలుతో కొలిచి గోడమీది క్యాలెండరుపై వ్రాయుడు. ఈ పనిని మనుమలకు అప్పగించిన వారు మరువనీయరు. వ్యాయామము చేసిన పూటకు ఒక గీత, మానిన పూటకు సున్న. మరల వైద్యునివద్దకు పోవునప్పుడు ఆ కాగితమును వెంట తీసికొనిపోవలెను. సున్నలను దాచక చూపినచో, ఏ కదలిక కష్టమగుచున్నదో అడిగి, దానిని తగ్గించుటయో మార్చుటయో చేయుటకు ఆయనకు వీలగును.