అప్పు పెరిగింది... ఊరు పెరిగిందా?

ఖరీఫ్ మొదలవుతోందంటే చాలు... కుప్పం బ్యాంకుల ముందు పట్టాదారు పాసు పుస్తకాలతో రైతులు కనిపిస్తారు. అందరూ కొత్త అప్పు కోసమే వచ్చారనుకుంటే పొరపాటే. వాళ్లలో చాలామందిది పాత అప్పును తిరగరాయించుకునే తిప్పలు!

ఉదాహరణకు ఓ రైతు 7 శాతం వడ్డీకి లక్ష రూపాయల పంట రుణం తీసుకున్నాడనుకుందాం. వానల్లేక వేరుసెనగ చేతికి రాలేదు. ఏడాదిలోగా కడితే వడ్డీలో 3 శాతం రాయితీ. గడువు దాటితే అదీ పోతుంది. అందుకే రెండ్రోజుల కోసం బయట వడ్డీకి తెచ్చి 1,07,000 కట్టేస్తాడు. బ్యాంకు మళ్లీ 1,10,000 ఇస్తుంది. చేతిలో మిగిలేది 3,000. అందులోంచే ఆ రెండ్రోజుల వడ్డీ! బ్యాంకు పుస్తకంలో మాత్రం లక్షా పదివేల కొత్త రుణం చేరిపోతుంది.

పక్షానికో లెక్క

ఇలాంటి అంకెలన్నీ కలిసి చివరికి ముంబయి చేరతాయి. వాణిజ్య బ్యాంకులు ఎంత అప్పిచ్చాయో రిజర్వ్ బ్యాంకు పక్షానికోసారి ప్రకటిస్తుంది. ఆర్థిక వ్యవస్థకు అదో నాడి. గిరాకీ ఉంటుందన్న నమ్మకం కలిగితే వ్యాపారి సరుకు కోసం, పరిశ్రమ యంత్రాల కోసం అప్పు చేస్తుంది. నమ్మకం సడలితే వెనక్కి తగ్గుతాయి. ధాన్యం సేకరణకిచ్చే ఆహార రుణాన్ని పక్కనపెట్టి మరీ ఈ నాడి చూస్తారు. సేద్యానికెంత, పరిశ్రమకెంత, సేవలకెంత, సొంత అవసరాలకెంత అన్నది నెలనెలా విడిగా వస్తుంది.

జిల్లాల్లో చూసేది మరో లెక్క. వంద రూపాయల డిపాజిట్‌కు ఎంత అప్పిచ్చారన్నది. గ్రామీణ, చిన్న పట్టణాల శాఖల్లో ఇది 60 శాతమైనా ఉండాలన్నది రిజర్వ్ బ్యాంకు మాట. ఆంధ్రప్రదేశ్‌లో ఇది వంద దాటింది. అంటే ఇక్కడ దాచుకున్నదానికన్నా ఇక్కడ తీసుకున్నదే ఎక్కువ. మరి సంతోషించాలా?

ఆవు అప్పు... నగల అప్పు

అది అప్పు దేనికన్నదాన్ని బట్టి ఉంటుంది. కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల్లోని కుప్పానికి పాడి, పట్టు, కూరగాయలే ఆధారం. 1990ల చివర్లో ఇజ్రాయెల్ తరహా బిందుసేద్యం ప్రయోగాలు జరిగిందీ ఇక్కడే. ఆవు కోసం చేసిన అప్పును పాల బిల్లు తీరుస్తుంది. పట్టుపురుగుల షెడ్డుకు చేసిన అప్పును పట్టుగూళ్లు తీరుస్తాయి. ఆసుపత్రి ఖర్చుకో, కాలేజీ ఫీజుకో గొలుసు తాకట్టు పెడితే దాన్ని తీర్చడానికి మరో ఆదాయం వెతుక్కోవాల్సిందే. బ్యాంకు మొత్తం లెక్కలో మాత్రం రెండూ ఒకటే!

దేశం సంగతీ అంతే. 2024 మార్చిలో సుమారు లక్ష కోట్లున్న బ్యాంకుల బంగారు నగల రుణాలు ఏడాది తిరిగేసరికి రెండు లక్షల కోట్లయ్యాయి. జనం అవసరాలు ఒక్క ఏడాదిలో రెట్టింపయ్యాయా అంటే... కాదు. బంగారం ధర పెరగడంతో అదే గొలుసుకు ఎక్కువ అప్పు పుట్టింది. అంతకుముందు వ్యవసాయం ఖాతాలో రాసిన నగల రుణాలు కొన్ని ఇటు మారాయి.

తగ్గుదలనూ ఇలాగే జాగ్రత్తగా చూడాలి. 2008లో కేంద్రం, 2014 తర్వాత కుటుంబానికి లక్షన్నర వరకు రాష్ట్రం రుణమాఫీ చేశాయి. మాఫీ సొమ్ము జమైతే రైతు బాకీ తగ్గుతుంది. అంతమాత్రాన పంట బాగా పండిందని కాదు!

ఇక బయట వడ్డీకి తెచ్చినది ఈ లెక్కల్లో ఎక్కడా కనిపించదు. మన రైతు ఆ రెండ్రోజులకు తెచ్చిన సొమ్ముకూ లెక్క లేదు.

అందుకే రుణాలు పెరిగాయన్న వార్త చూసినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. అప్పు దేనికి తెచ్చారు? పాతది దేంతో తీర్చారు? పాల డబ్బుతో తీరిస్తే ఊరు పెరిగినట్టు. మరో అప్పుతో తీరిస్తే... పెరిగింది అంకె మాత్రమే!