పరాయి దేశం పుస్తకానికి సొంతూరి పరీక్ష

కదిరి నుంచి మదనపల్లె పోయే రోడ్డు మీద ఉంటుంది తనకల్లు. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ఆంధ్ర గురించి బయటివాళ్లకు అందే పుస్తకాల్లో తరచూ కనిపించే బొమ్మ వేరు: గోదావరి, కొబ్బరిచెట్లు, వరిచేలు, పక్కనే 'అన్నపూర్ణ' అన్న బిరుదు. అలాంటి పుస్తకం చదివిన విదేశీయుడెవరైనా తనకల్లులో బస్సు దిగితే ఎదురయ్యేవి ఎర్రనేల, శెనక్కాయ చేను, కంచంలో రాగిసంగటి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వాన 550 చిల్లర మిల్లీమీటర్లే. పుస్తకం అబద్ధమాడలేదు. ఒక ముక్క చూపించి, ఆంధ్ర అంతా అదేనన్న భ్రమ కల్పించింది.

ఇంకో దేశం సంగతులు తెలుసుకోవాలని పుస్తకం కొనేటప్పుడు మనమూ ఇలాగే బోల్తాపడతాం. అందుకు కారణమయ్యే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఒక దేశానికి ఒక మంచి పుస్తకం చాలు.

అనంతపురానికి బాగా దగ్గరైన పరాయి దేశం స్పెయిన్. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, ఇక్కడే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ)ను నిలబెట్టారు. ఆ సంస్థ నడిపే విదేశీ భాషల స్కూల్లో పల్లెల నుంచి వచ్చిన పిల్లలు స్పానిష్ నేర్చుకుంటున్నారు. వాళ్లలో ఒకరు స్పెయిన్ గురించి చదవాలనుకుంటే ముందుగా చేతికొచ్చేది ఎద్దుల పోరు, ఫ్లమెంకో నాట్యం అట్టమీద అచ్చేసిన పుస్తకమే కావచ్చు. ఫ్లమెంకో దక్షిణాన ఉన్న అందలూసియాలో పుట్టింది. ఫెర్రర్ సొంతూరు బార్సిలోనా మాత్రం కతలోనియా అనే ప్రాంతానికి రాజధాని. అక్కడివాళ్లకు కతలాన్ అనే వేరే భాష ఉంది. కతలోనియా పార్లమెంటు 2010లో ఎద్దుల పోరును నిషేధించింది. 2016లో స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టేసినా బార్సిలోనాలో పోటీలు మళ్లీ మొదలుకాలేదు. గోదావరి బొమ్మ చూసి తనకల్లు వచ్చినవాడికీ ఫ్లమెంకో బొమ్మ చూసి బార్సిలోనా వెళ్లినవాడికీ పెద్ద తేడా లేదు.

అపోహ: అక్కడ ఏళ్ల తరబడి బతికినవాడు రాస్తే ఇక తిరుగుండదు.

దీనికి జవాబు మన పక్కనే ఉంది. అబ్బే దుబ్వా అనే ఫ్రెంచి మతగురువు 1792లో వచ్చి, ఎక్కువగా మైసూరు ప్రాంతంలో ఉండి, 1823లో తిరిగి వెళ్లాడు. మొత్తం 31 ఏళ్లు. హిందువుల ఆచార వ్యవహారాల మీద ఆయన ఇచ్చిన రాతప్రతిని ఈస్టిండియా కంపెనీ 2,000 వరహాలు పోసి కొని, 1816లో ఇంగ్లిషులో అచ్చేయించింది. 1897లో బోషాంప్ చేసిన కొత్త అనువాదం వచ్చాక దాని పేరు మరింత పెరిగింది. భారతీయుల గురించి తెలుసుకోవాలంటే ఇదే చదవండని తెల్లదొరలు ఒకరికొకరు చెప్పుకున్న పుస్తకం అది.

తీరా 1987లో సిల్వియా మూర్ అనే పరిశోధకురాలు అసలు గుట్టు బయటపెట్టారు. అందులో చాలా భాగం దుబ్వా కళ్లారా చూసి రాసింది కాదు. తెలుగు నేలమీద పనిచేసిన కేర్దూ అనే జెస్యూట్ గురువు 1770ల్లో రాసుకున్నదాన్ని ఆయన తన పేరు మీద వాడేసుకున్నాడు. దుబ్వా ఈ దేశంలో అడుగుపెట్టేనాటికి కేర్దూ చనిపోయి 13 ఏళ్లయింది. అంటే 1897 నాటి పుస్తకం చేతపట్టుకుని 'ఇండియా ఇలా ఉంటుందట' అనుకున్న పాఠకుడికి నిజానికి అందింది నూటపాతికేళ్ల కిందటి సంగతులు, అదీ వేరొకరి కళ్లతో.

అలాగని దాన్ని చెత్తబుట్టలో వేయనక్కర్లేదు. సీపీ బ్రౌన్‌కు వేమన సంగతి మొదట తెలిసింది ఈ దుబ్వా పుస్తకంలోనే. ఆ తర్వాతే ఆయన తాళపత్రాలు వెతికించి, పద్యాలు పోగుచేసి, 1829లో అచ్చేశాడు. ఆ వేమన సమాధి ఉన్న కటారుపల్లె కదిరి దగ్గరే, తనకల్లువాళ్లకు ఇరుగుపొరుగు కిందే లెక్క. వేరొకరి సొత్తుతో నిండిన పుస్తకం పట్టుకుని ఒక దొర మన పెరటి కవి దాకా వచ్చాడన్నమాట!

దుబ్వాకు పూర్తిగా ఎదురు ఉదాహరణ అమెరికా మానవశాస్త్రవేత్త రూత్ బెనెడిక్ట్. జపాన్‌లో కాలుపెట్టకుండా, అమెరికాలోని జపనీయులను అడిగి తెలుసుకుని ఆమె 1946లో రాసిన 'ద క్రిసాంతిమమ్ అండ్ ద స్వోర్డ్'ను జపాన్‌వాళ్లే ఎగబడి చదివారు, తప్పులెన్నారు, నేటికీ చర్చిస్తున్నారు. ఎన్నేళ్లున్నాడన్నది కాదు, ఎవరిని అడిగాడు, ఎవరి కోసం రాశాడన్నది చూడాలి. బెనెడిక్ట్ పని మొదలైంది రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం కోసం. అది మరిచిపోయి చదివితే సగమే అర్థమవుతుంది.

అపోహ: పేరుమోసిన పుస్తకంలో ప్రతి మాటా నిజమే.

'ఏడుతరాలు' చదవని తెలుగు పాఠకులు తక్కువ. అలెక్స్ హేలీ 'రూట్స్'ను సహవాసి తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. అందులోని కుంటా కింటే మనింటి మనిషైపోయాడు. అయితే హెరాల్డ్ కోర్లాండర్ 1967లో రాసిన 'ది ఆఫ్రికన్' నవల నుంచి కొన్ని భాగాలు ఎత్తుకొచ్చాడని హేలీ మీద కేసు పడింది. 1978లో ఆయన డబ్బిచ్చి రాజీపడ్డాడు. ఆయన చెప్పిన వంశవృక్షం రికార్డులతో సరిపోవడం లేదని పరిశోధకులు తేల్చారు. బానిసత్వపు ఘోరాన్ని తెలుసుకోవడానికి ఇప్పటికీ అది మంచి పుస్తకమే. గాంబియా పల్లె జీవితానికి మాత్రం దాన్ని ప్రమాణంగా పెట్టుకోకూడదు.

మరి నవలలు, కథలు పనికిరావా? బాగా పనికొస్తాయి. విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో కారుచౌకగా దొరికిన సోవియట్ పుస్తకాలే సాక్ష్యం. అక్కడా ఒక చిక్కుంది. 'జమీల్యా'ను మనవాళ్లు రష్యా కథల కట్టలో కలిపేశారు. అది రాసిన ఐత్మాతోవ్ కిర్గిజ్ రచయిత. ఆ కథలోని కుటుంబం, కట్టుబాట్లు, పాట అన్నీ కిర్గిజ్‌వాళ్లవే. మాస్కోలో అచ్చయినదల్లా రష్యా కాదు.

అపోహ: సంస్కృతి పుస్తకాల్లోనే దొరుకుతుంది.

కదిరి, రాయచోటి వైపు పల్లెల్లో కువైట్‌లో పదేళ్లు ఇంటిపని చేసి వచ్చిన ఆడవాళ్లు ఉంటారు. రంజాన్ నెలలో అక్కడి ఇంట్లో ఏ వేళకు ఏం వండుతారో, వచ్చినవాళ్లను ఎక్కడ కూర్చోబెడతారో ఆ అక్కలు చెప్పినట్టు ఏ గైడూ చెప్పదు. కాకపోతే వాళ్లలో ఒక్కొక్కరు చూసిందీ ఒక ఇంటినే. వాళ్ల మాటకు పక్కన ఒక కువైట్ రచయిత కథ పెట్టుకుని చదివితే రెండూ ఒకదాన్నొకటి సరిచేస్తాయి.

కొనేముందు అట్టకన్నా ముద్రణ వివరాల పేజీ చూడటం మేలు. మొదట ఏ సంవత్సరంలో వచ్చింది, ఏ భాషలోంచి వచ్చింది, మధ్యలో ఇంగ్లిషు మెట్టు ఉందా అన్నవి అక్కడే తెలుస్తాయి. ఇంకో చిన్న కిటుకు కూడా ఉంది. అదే రచయితో, అదే సిరీస్‌వాళ్లో ఇండియా మీద వేసిన పుస్తకం దొరికితే అందులో ఆంధ్ర పేజీ తీయండి. శెనక్కాయ చేను ఒక్క వాక్యంలోనైనా కనబడిందో లేదో చూసి, ఆ తర్వాతే డబ్బులు తీయండి.