డిస్కుల ఆరోగ్యము

రైలు టిక్కెట్ల వివరములు, బ్యాంకు లెక్కలు, పరీక్షాఫలితములు మున్నగునవి నేడు సర్వర్లనెడి కంప్యూటర్లలో డిస్కులపై నిలువయుండును. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన తొలి డిస్కు యంత్రమున 50 పళ్లెములున్నను, అందు పట్టినవి 50 లక్షల అక్షరములే. నేడు అరచేత నిముడు డిస్కు అంతకు లక్షల రెట్లు దాచగలదు. కావున ఒక్కటి చెడినను కలుగు నష్టము పెద్దది.

డిస్కు తన లోపములను తానే లెక్కించుకొనును. చెడిన చోటును విడిచి, అందుకై ముందే కేటాయించిన చోటున వ్రాయును. ఆ లెక్కను బట్టి సర్వరు సాధారణముగా మూడు స్థితులను తెలుపును. ‘ఆరోగ్యము’ అనగా ఇంతవరకు లోపము కనబడలేదని అర్థము. ‘హెచ్చరిక’ అనగా డిస్కు పనిచేయుచున్నను, చెడిన చోట్లు పెరుగుచున్నవని భావము. ‘వైఫల్యము’ అనగా ఇక దానిపై చదువుటకుగాని, వ్రాయుటకుగాని వీలులేదని తెలియవలెను.

సర్వరులో ఒకే సమాచారమును రెండు డిస్కులపై వ్రాయుట కలదు. అందొకటి చెడినను పని సాగుచునే యుండును. వాడువారికి లోటు తెలియదు. అపాయము అచ్చటనే యున్నది. పని సాగుచున్నది గదా యని ఉపేక్షించినచో, రెండవది చెడిన క్షణమున సమస్తమును పోవును. హెచ్చరిక కనబడినప్పుడే డిస్కును మార్చవలెను. హెచ్చరిక లేకయే చెడు డిస్కులును కలవు. కావున మరొకచోట వేరొక ప్రతిని దాచుట ఎన్నడును మానరాదు.