ఒకే ప్రింటరు, ఒకే జాబితా: ఆఫీసు కంప్యూటర్లను కలపడం ఎందుకు, ఎలా



సొసైటీ ఖర్చుల పట్టికలో బియ్యం, స్కూలు ఫీజులు, మందులు, కుట్టు మిషన్లు కనబడితే ఎవరూ ఏమీ అడగరు. అదే పట్టికలో రౌటరు, స్విచ్, కేబుల్ అని కనబడితే ఇవి పేదవాడి ఆకలి తీరుస్తాయా అని అడుగుతారు. అడగాలి కూడా. మీరిచ్చిన ప్రతి రూపాయి మా దగ్గర అమానత్. అది తీగల మీద ఎందుకు ఖర్చయిందో చెప్పే బాధ్యత మాది. ఈ పద్ధతి ఆర్మూర్‌లోని అడ్తి దుకాణానికి, బడికి, క్లినిక్‌కు కూడా పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగానే చెబుతున్నాము.

మూడు కంప్యూటర్లు, మూడు జాబితాలు

చిన్న సేవా సంస్థ ఆఫీసులో సాధారణంగా మూడు పనులు నడుస్తాయి. ఒకరు రసీదులు రాస్తారు. ఒకరు సాయం కోరే దరఖాస్తులు తీసుకుంటారు. ఒకరు లెక్కలు చూస్తారు. ముగ్గురికీ తలా ఒక కంప్యూటరు ఉండి, వాటి మధ్య ఏ సంబంధమూ లేకపోతే సమాచారం పెన్ డ్రైవ్‌లో తిరుగుతుంది. సోమవారం కాపీ చేసిన జాబితాను మంగళవారం ఒకరు సరిదిద్దుతారు. బుధవారం ఇంకొకరు పాత జాబితాలోనే కొత్త పేర్లు కలుపుతారు. గురువారానికి ఏ జాబితా సరైనదో ఎవరూ చెప్పలేరు.

దీని నష్టం కంప్యూటరుకు కాదు, మనిషికి. ఒక వితంతువు ఒక మొహల్లా నుంచి ఇంకో మొహల్లాకు మారింది అనుకుందాం. ఆమె పేరు ఒక జాబితాలో పాత చిరునామాతో, మరో జాబితాలో కొత్త చిరునామాతో ఉంటుంది. ఆమె పేరు మీద రెండు రేషన్ కిట్లు బయటికి వెళ్తాయి. కిట్లు లెక్కపెట్టి కట్టినవి కాబట్టి ఇంకెవరి ఇంటికో ఒకటి తగ్గుతుంది. ఆ ఇంట్లో వాళ్లు వచ్చి అడిగితే ఫర్వాలేదు, అడగడానికి మొహమాటపడేవాళ్లయితే వాళ్ల సంగతి మనకు తెలియను కూడా తెలియదు.

ఈ మధ్య సంవత్సరాల్లో రంజాన్ నెల, పసుపు సీజన్ దాదాపు ఒకేసారి వస్తున్నాయి. పసుపు అమ్ముకున్న డబ్బు చేతికొచ్చిన రోజుల్లోనే జకాత్, ఫిత్రా కూడా వస్తాయి. తౌబా సూరా 60వ ఆయత్ జకాత్‌కు అర్హులైన వారిని ఎనిమిది వర్గాలుగా చెప్పింది. అందువల్ల జకాత్ లెక్క వేరుగా, సదఖా లెక్క వేరుగా, ఫిత్రా లెక్క వేరుగా ఉంచక తప్పదు. రద్దీ ఎక్కువున్న ఆ నెలలోనే జాబితా ఒక్కటిగా, సరిగ్గా ఉండాలి.

మార్కెట్ యార్డులో చూసిందే

మన ప్రాంతంవారికి ఇది కొత్త సంగతి కాదు. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ జాతీయ వ్యవసాయ మార్కెట్‌ను 21 మార్కెట్లతో మొదలుపెట్టినప్పుడు వాటిలో నిజామాబాద్ యార్డు ఒకటి. ఆ పద్ధతిలో రైతు పేరు, సరుకు వివరాలు గేటు దగ్గర ఒకసారి ఎక్కిస్తారు, దానికి లాట్ నంబరు వస్తుంది. వ్యాపారి ధర వేసేది, తూకం పడేది, బిల్లు వచ్చేది ఆ నంబరు మీదే. ఒక్కో చోట పేరు మళ్లీ మళ్లీ రాసుకోరు కాబట్టి ఒక రైతు కొమ్ము ఇంకో రైతు లెక్కలో పడే అవకాశం తగ్గుతుంది. ఒకసారి రాయడం, అందరూ అదే చూడడం. చిన్న ఆఫీసు నెట్‌వర్క్ సూత్రం కూడా ఇంతే.

ప్రింటరు కోసమే పుట్టిన నెట్‌వర్క్

ఈనాడు ప్రపంచమంతా వాడే ఈథర్‌నెట్ పుట్టిందే ఇలాంటి అవసరం నుంచి. 1973లో అమెరికాలోని జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో చాలా కంప్యూటర్లు ఉండేవి. అక్కడే తయారవుతున్న లేజర్ ప్రింటరు ఎంతో ఖరీదైనది, ప్రతి బల్ల మీదా ఒకటి పెట్టడం కుదరదు. అన్ని కంప్యూటర్లూ ఆ ప్రింటరును వాడుకునేలా రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనే ఇద్దరు ఒక పద్ధతి తయారుచేశారు. మన ఆఫీసు గోడ మీద పాకే ల్యాన్ కేబుల్ ఆ పద్ధతి వారసురాలే.

చిన్న ఆఫీసుకు కావలసిన సామాను కొద్దిగానే. ఇంటర్నెట్ కోసం పెట్టిన రౌటరు వెనుక సాధారణంగా నాలుగు కేబుల్ రంధ్రాలు ఉంటాయి. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు అయితే అవే చాలు. అంతకు మించితే చిన్న స్విచ్ ఒకటి కొనాలి. ఒక్కో కేబుల్ వంద మీటర్ల వరకు పనిచేస్తుంది. వైఫై ఉన్నా, కదలని కంప్యూటర్లకు కేబుల్ వేయడమే మేలు. గోడలు అడ్డొచ్చినా సిగ్నల్ తగ్గదు.

ప్రింటరును పంచుకోవడం

ముగ్గురికి మూడు చవక ఇంక్‌జెట్ ప్రింటర్లు కొంటే మొదట తక్కువ ఖర్చు అనిపిస్తుంది. వాడకం తక్కువైతే వాటి ఇంకు ఎండి నాజిల్ మూసుకుపోతుంది. నాలుగు పేజీల కోసం కొత్త కార్ట్రిడ్జ్ వేయాలి. రసీదులు, దరఖాస్తులు నల్ల అక్షరాలే కనుక మంచి లేజర్ ప్రింటరు ఒకటి కొని ముగ్గురూ వాడుకోవడం మీ డబ్బుకు న్యాయం.

పంచుకోవడానికి రెండు దారులు ఉన్నాయి. ప్రింటరుకు యూఎస్‌బీ మాత్రమే ఉంటే దాన్ని ఒక కంప్యూటరుకు తగిలించి, విండోస్‌లో ఆ ప్రింటరు ప్రాపర్టీస్‌లోకి వెళ్లి షేరింగ్ ఆన్ చేయాలి. మిగతా కంప్యూటర్లలో దాన్ని నెట్‌వర్క్ ప్రింటరుగా కలుపుకోవాలి. ఇందులో ఒక చిక్కు ఉంది. ప్రింటరు తగిలించిన కంప్యూటరు ఆపేసినా, నిద్రలోకి వెళ్లినా ఎవరికీ ప్రింటు రాదు. రెండో దారి, నెట్‌వర్క్ రంధ్రం ఉన్న ప్రింటరునే కొని నేరుగా రౌటరుకు కలపడం. కొంచెం ధర ఎక్కువైనా ఎవరి కంప్యూటరు మీదా ఆధారపడదు.

కరెంటు పోయి వచ్చిన తర్వాత ప్రింటరు ఆఫ్‌లైన్ అని చూపించడం మన ఊళ్లో అందరికీ తెలిసిన బాధ. చాలాసార్లు ప్రింటరు చెడిపోదు, దాని చిరునామా మారుతుంది. రౌటరు ప్రతి యంత్రానికి 192.168.1.10 లాంటి ఒక అంకె ఇస్తుంది. మళ్లీ మొదలైనప్పుడు వేరే అంకె ఇవ్వవచ్చు. కంప్యూటర్లు మాత్రం పాత అంకె దగ్గరే వెతుకుతుంటాయి. రౌటరు సెట్టింగులో ప్రింటరుకు ఒక అంకెను శాశ్వతంగా కేటాయిస్తే ఈ బాధ పోతుంది. రౌటరును, ముఖ్యమైన కంప్యూటరును యూపీఎస్ మీద పెట్టాలి. లేజర్ ప్రింటరును మాత్రం పెట్టకూడదు. వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటును చిన్న యూపీఎస్ తట్టుకోలేదు.

ఫైళ్లను పంచుకోవడం

ఒక కంప్యూటరును పెద్దగా నిర్ణయించి, అందరి ఫైళ్లూ అందులోనే ఉంచాలి. విండోస్‌లో ఆఫీసు నెట్‌వర్క్‌ను ప్రైవేట్‌గా గుర్తించి, నెట్‌వర్క్ డిస్కవరీని, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్‌ను ఆన్ చేయాలి. తర్వాత కావలసిన ఫోల్డరు ప్రాపర్టీస్‌లో షేరింగ్ ఇవ్వాలి. డ్రైవ్ మొత్తాన్ని ఎప్పుడూ షేర్ చేయకూడదు. మిగతా కంప్యూటర్లలో ఆ ఫోల్డరుకు ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చుకుంటే సొంత ఫోల్డరులాగే తెరుచుకుంటుంది.

పంచుకున్న ఎక్సెల్ ఫైలును ఒకరు తెరిచి రాస్తుంటే, రెండోవారికి అది చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది. ఇది లోపం కాదు, ఒకరి రాతను ఇంకొకరు చెరపకుండా కాపాడే తాళం. వ్యాపారం చేసే సోదరులు ట్యాలీ సంగతి కూడా గమనించాలి. సిల్వర్ లైసెన్సుతో ఒకరే పనిచేయగలరు. ఒకే నెట్‌వర్క్‌లో చాలామంది పనిచేయాలంటే గోల్డ్ లైసెన్సు కావాలి.

ఎవరికి ఏది కనబడాలి

పంచుకోవడం సులువు, ఎంతవరకు పంచుకోవాలో తేల్చడమే అసలు పని. ఏ ఇంట్లో జబ్బు ఉందో, ఎవరి కూతురి పెళ్లి ఆగిపోయిందో, ఎవరు అప్పులో ఉన్నారో దరఖాస్తులో రాసి ఉంటుంది. మన చిన్న ఊళ్లో ఒకరి పేరు బయటపడితే మరుసటి శుక్రవారానికి మసీదు వరండాలో అందరికీ తెలుస్తుంది. సాయం అందుకున్నవారి పరువు కాపాడటం సాయంలో భాగమే. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం కూడా చేసింది.

అందుకే ప్రతి ఒక్కరికీ కంప్యూటరులో సొంత పేరు, సొంత పాస్‌వర్డ్ ఉండాలి. షేర్ చేసిన ఫోల్డరు అనుమతుల్లో ఎవ్రీవన్ అనే పేరు ఉంటే తీసేయాలి. అది ఉంటే తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టే. రసీదులు రాసేవారికి రసీదుల ఫోల్డరులో రాసే అనుమతి ఉంటుంది, దరఖాస్తుల ఫోల్డరు వారికి తెరుచుకోదు. లెక్కలు చూసేవారు రసీదులను చదవగలరు, మార్చలేరు. డబ్బు తీసుకున్నవారు ఒకరు, లెక్క సరిచూసేవారు ఇంకొకరు అనే పాత నియమమే ఇక్కడా పనిచేస్తుంది. విండోస్‌లో షేరింగ్ అనుమతి ఒకటి, సెక్యూరిటీ అనుమతి ఒకటి, రెండూ ఉంటాయి. నెట్‌వర్క్ మీదుగా వచ్చేవారికి రెండింటిలో ఏది గట్టిదో అదే చెల్లుతుంది. కాబట్టి రెండూ సరిచూడాలి.

ఆఫీసుకు వచ్చినవారు వైఫై అడిగితే కాదనడం మన మర్యాద కాదు. చాలా రౌటర్లలో అతిథుల కోసం గెస్ట్ నెట్‌వర్క్ అని వేరుగా ఉంటుంది. వారికి ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఇంటర్నెట్ వస్తుంది, ఆఫీసు ఫైళ్లు కనబడవు.

కలిపిన తలుపు నుంచే దొంగ రావచ్చు

2017 మే 12న వనాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. కంప్యూటరులోని ఫైళ్లకు తాళం వేసి, తెరవడానికి 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో అడిగింది. బ్రిటన్ ఆసుపత్రుల్లో పనులు నిలిచిపోయాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది ఒక కంప్యూటరు నుంచి ఇంకొకదానికి వెళ్లిన దారి విండోస్ ఫైల్ షేరింగే, అందులోని ఎస్ఎంబీ మొదటి వెర్షన్ అనే పాత పద్ధతి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసింది. వేసుకున్నవారు బయటపడ్డారు.

దీని నుంచి చిన్న ఆఫీసు నేర్చుకోవలసింది మూడు సంగతులు. అప్‌డేట్లను ఆపకూడదు. ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌ను ఆఫ్‌లో ఉంచాలి, పాత యంత్రం కోసం ఆన్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే ఆ యంత్రాన్నే మార్చాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి అందులోనే ఉన్న కంప్యూటర్లను మార్చే ఏర్పాటు చూడాలి.

పంచుకోవడం వేరు, దాచుకోవడం వేరు

ఫైళ్లు నెట్‌వర్క్‌లో ఉన్నాయి కాబట్టి భద్రంగా ఉన్నాయని చాలామంది అనుకుంటారు. అన్నీ ఒకే కంప్యూటరులో ఉన్నప్పుడు ఆ ఒక్క హార్డ్ డిస్కు పోతే అన్నీ పోతాయి. పైగా వేరే కంప్యూటరు నుంచి షేర్ ఫోల్డరులోని ఫైలును డిలీట్ చేస్తే అది రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు, నేరుగా పోతుంది.

కాబట్టి వారానికి ఒకసారి, రంజాన్‌లో రోజూ, బయటి హార్డ్ డిస్కులోకి కాపీ తీయాలి. కాపీ అయ్యాక డిస్కును ఊడదీయాలి. తగిలించే ఉంచితే వైరస్ దానికీ తాళం వేస్తుంది. పాస్‌వర్డ్ పెట్టిన ఇంకో కాపీని వేరే భవనంలో, బాధ్యత గల సభ్యుని బీరువాలో ఉంచాలి. అప్పుడప్పుడు ఆ కాపీ నుంచి ఒక ఫైలు తెరిచి చూడాలి. తెరవలేని కాపీ ఉన్నా లేనట్టే.

మీరు అడగవలసిన ప్రశ్నలు

మీరు ఏ సంస్థకు ఇచ్చినా నాలుగు ప్రశ్నలు అడగండి. లబ్ధిదారుల జాబితా ఒకటేనా, చాలా ఉన్నాయా? దాన్ని ఎవరెవరు తెరవగలరు? రసీదు రాసినవారే దాన్ని తర్వాత మార్చగలరా? ఈ రోజు కంప్యూటరు చెడిపోతే నిన్నటి లెక్క ఎక్కడ ఉంది? ఈ ప్రశ్నలు మమ్మల్ని అడిగినా మేము సంతోషిస్తాము. వాటికి జవాబు చెప్పగలగడం కోసమే ఆ కేబుల్, ఆ స్విచ్.

అప్పు లావాదేవీని రాసిపెట్టుకోమని, రాసేవారు న్యాయంగా రాయాలని బఖరా సూరా 282వ ఆయత్ ఆదేశిస్తుంది. కలంతో రాసినా, కీబోర్డుతో రాసినా ఆ బాధ్యత ఒకటే. మీ అమానత్ చేరవలసిన ఇంటికి, చేరవలసినంత, ఆ ఇంటి పరువుకు భంగం కలగకుండా చేరేలా అల్లాహ్ మనందరికీ తోడ్పడుగాక. ఆమీన్.